పాత బుల్లెట్టుకు కాయిలు మార్చే ముందు...

తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టాక బండి స్టార్టు కాకపోతే ఆ పూట పాలు కేంద్రానికి చేరనట్టే. ప్లగ్గులో నిప్పురవ్వ లేదనగానే చాలామంది కాయిలు కొనేస్తారు. తొందరపడకండి. పాయింట్లున్న పాత బుల్లెట్టు అయితే ముందు వైరు దారి చూసుకోండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్లకు ఇది వర్తించదు.

బ్యాటరీ కరెంటు అమ్మీటరు, తాళం స్విచ్చి మీదుగా కాయిలుకు వస్తుంది. పాత లూకాస్ కాయిలు మీద ఎస్.డబ్ల్యు., సి.బి. అని రెండు గుర్తులుంటాయి. మొదటిదానికి స్విచ్చి వైరు, రెండోదానికి పాయింట్లకు పోయే వైరు బిగించాలి. పాయింట్లు కలిసినప్పుడు కాయిలు గుండా కరెంటు పారి ఇంజను బాడీలోకి, అంటే ఎర్తుకు పోతుంది. అవి విడిపోగానే కరెంటు తెగుతుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది కరెంటు పారినప్పుడు కాదు, తెగినప్పుడు!

ఇక కండెన్సరు. దాని వైరు పాయింట్ల వైరుతో కలవాలి, డబ్బా బాడీకి గట్టిగా బిగిసి ఉండాలి. కొందరు వైరు కోసి మధ్యలో కండెన్సరు కలుపుతారు. అలా చేస్తే కరెంటే పారదు. పాయింట్ల దగ్గర పెద్దగా మెరుపులొచ్చి అవి త్వరగా కాలిపోతుంటే కండెన్సరునే అనుమానించండి.

పాయింట్లు విప్పేటప్పుడు ఫైబరు వాషర్ల వరుస కాగితం మీద రాసుకోండి. అసలు తిప్పలు ఇక్కడే! కదిలే పాయింటు స్ప్రింగు గానీ, దాని వైరు గానీ బాడీకి తగలకూడదు. ఒక్క వాషరు తారుమారైతే కరెంటు ఎప్పటికీ తెగదు, రవ్వ రాదు.

పరీక్షకు పనిముట్లేమీ అక్కర్లేదు. లైట్లు ఆపి, తాళం వేసి, కిక్కు రాడ్డు నెమ్మదిగా తొక్కుతూ అమ్మీటరు చూడండి. ముల్లు మైనస్‌ వైపు వాలి, మళ్లీ సున్నాకు రావాలి. మైనస్‌లోనే ఉండిపోతే వైరో, స్ప్రింగో బాడీకి తగులుతున్నట్టు, లేదా పాయింట్లు విడిపోవడం లేదు. సున్నా నుంచి కదలకపోతే ఎక్కడో వైరు తెగింది, లేదా పాయింట్లకు నూనె, మసి పట్టింది. సన్నరకం ఆకురాయితో పైపైన రుద్ది, గట్టి కాగితంతో తుడవండి. పాయింట్లు బాగా విడిపోయినప్పుడు సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజీ లేకుండా కంటి అంచనాతో పెట్టకండి.

బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో విప్పకముందే చూసుకుని, మళ్లీ అలాగే బిగించండి. బండి ఆగాక తాళం తీసేయండి. పాయింట్లు కలిసిన చోట ఇంజను ఆగితే కాయిలు వేడెక్కుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.