జలాంతర్గామిలో అపరాధ పరిశోధకుడు

అపరాధ పరిశోధన కథలు వ్రాయువారికి మూసిన గది యనిన మిక్కిలి ప్రీతి. తలుపు లోపల గడియ వేసియుండును. లోపల నొకడు మరణించి పడియుండును. హంతకుడు ఎట్లు వచ్చెను, ఎట్లు పోయెను అనునదియే ప్రశ్న. ఈ మూసిన గదిని కొంత పెద్దదిగా జేసినచో అది ఓడ యగును, రైలుపెట్టె యగును. కాని యన్నిటికంటె గట్టిగా మూయబడిన గది యొకటి కలదు. అది సముద్రగర్భమున సంచరించు జలాంతర్గామి. అది నీట మునిగియున్నంతసేపు తలుపు తీసికొని వెలుపలికి బోవుట యెవ్వరి తరమును గాదు. నేరము చేసినవాడును, దానిని గనిపెట్టువాడును ఆ యుక్కుగొట్టములోనే కలసి యుండవలసినదే. అట్టి చోట నడచిన యొక హాస్యకథను గుఱించియు, అందు మనము గ్రహింపదగిన యొక సంగతిని గుఱించియు ఇచ్చట వివరించెదను.

అమెరికా దేశమున ‘మాంక్’ అను టెలివిజను ధారావాహిక 2002వ సంవత్సరము మొదలు 2009 వఱకు నడచెను. అందు 125 కథలు గలవు. కథానాయకుని పేరు ఆడ్రియన్ మాంక్. ఈయన శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పోలీసు శాఖలో పేరొందిన పరిశోధకుడు. భార్యయైన ట్రూడీ మోటారుకారులో బాంబు ప్రేలి మరణింపగా, ఆయనకు మొదటినుండియు గల మనోవ్యాధి మితిమీఱి ఉద్యోగము పోయెను. అయినను చిక్కు వ్యవహారములు వచ్చినపుడెల్ల పోలీసువారు ఆయననే పిలుచుచుందురు. ఈ పాత్రను ధరించిన టోనీ షలూబ్ అను నటునకు మూడు పర్యాయములు ఎమ్మీ బహుమానము లభించెను.

మాంక్ గారి వ్యాధిని వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు. అక్కఱలేని తలంపొకటి మనస్సున జొచ్చి యెంత త్రోసినను పోకుండుటయు, ఆ యాందోళనను తగ్గించుకొనుటకై చేసిన పనినే మరల మరల చేయుటయు దీని లక్షణములు. చేతులు కడిగినవాడు మరల కడుగును. గడియ వేసినవాడు మరల వచ్చి చూచును. మాంక్ గారికి దీనికి తోడు భయములు పెక్కులు. సూక్ష్మక్రిములన్న భయము, ఎత్తైన స్థలములన్న భయము, పాములన్న భయము, తుదకు పాలన్నను భయమే. ఇఱుకు చోటులన్న జెప్పనక్కఱయే లేదు.

ఇట్టివానిని జలాంతర్గామిలో నెక్కించిన కథ 2008వ సంవత్సరమున ప్రసారమయ్యెను. దాని పేరు ‘మిస్టర్ మాంక్ ఈజ్ అండర్‌వాటర్’. మాంక్ గారు నీటి లోపల నున్నారని యర్థము. నౌకాదళపు జలాంతర్గామిలో నొక యధికారి మరణించును. అది యాత్మహత్య యని తీర్మానింతురు. మృతుని మిత్రుడొకడు దానిని నమ్మజాలక, మాంక్ గారి సహాయకురాలగు నేటలీ ద్వారా ఆయనను బ్రతిమాలి తీసికొనిపోవును. రేవులో నిలచియున్న నౌకయే గదా, చూచి మరల వత్తమని మాంక్ గారు లోపలికి దిగుదురు. ఆయన లోపల నుండగనే నౌక సముద్రములోనికి బయలుదేఱి నీట మునుగును. ఇక తిరిగి వచ్చు దారి లేదు.

ఈ హాస్యము పూర్తిగా బోధపడవలెనన్న జలాంతర్గామి యెట్టిదో కొంత తెలియవలెను. దాని ప్రక్కలను పెద్ద తొట్లు గలవు. అవి గాలితో నిండియున్నంతవఱకు నౌక తేలును. పైనున్న కవాటములు తెఱచినచో గాలి పోయి సముద్రజలము లోనికి వచ్చును. నౌక బరువెక్కి మునుగును. పైకి రావలసినపుడు, అదిమి నిలువచేసిన గాలిని తొట్లలోనికి వదలి నీటిని వెలుపలికి గెంటుదురు. పది మీటర్లు దిగినకొలది ఒక్కొక్క వాతావరణపు ఒత్తిడి హెచ్చుచుండును. 200 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపైని ఇంచుమించు 20 కిలోగ్రాముల నీటి బరువు పడును. గుండ్రని వస్తువు ఒత్తిడిని అన్ని వైపుల సమముగా బంచుకొని భరింపగలదు గావున నౌకను గొట్టమువలె నిర్మింతురు. యుద్ధనౌకలకు కిటికీలుండవు.

పరమాణుశక్తిచే నడచు జలాంతర్గాములలో మొదటిదగు నాటిలస్ 1955లో సముద్రయానము మొదలుపెట్టి, 1958లో ఉత్తర ధ్రువము క్రిందుగా మంచు అడుగున బయనించెను. ఇట్టి నౌకలలో నీటిని విద్యుచ్ఛక్తిచే విడదీసి ప్రాణవాయువును దయారు చేయుదురు. విడిచిన బొగ్గుపులుసు గాలిని యంత్రములు పీల్చివేయును. అనగా నొకరు విడిచిన గాలియే శుద్ధియై మరల నందఱి ఊపిరితిత్తులలోనికి బోవును. పడకలు ఒకదానిపై నొకటిగా మూడు వరుసలుండును. చోటు చాలనపుడు ఒకడు లేచి పనికి బోగానే వేఱొకడు అదే పడకపై బరుండును. సూర్యుడు కానరాడు గావున పగలు రాత్రి యను భేదము లేదు; ఈ కథ ప్రసారమైన నాటికి అమెరికా జలాంతర్గాములలో దినమనగా 18 గంటలే.

చదువరులారా, క్రిములకు భయపడువాడు అందఱి శ్వాసను తానును పీల్చవలసి వచ్చెను. ఇఱుకునకు జడియువాడు కిటికీ లేని గొట్టములో జిక్కెను. ఇంతకంటె వింత యొకటి కలదు. క్రమమన్న మాంక్ గారికి ప్రాణము. లోకమున జలాంతర్గామికంటె క్రమము గలిగిన చోటు మఱియొకటి లేదు. అచ్చట ప్రతి పనిముట్టునకు నొక స్థానము, ప్రతి మనుష్యునకు నొక పని నిర్ణయింపబడియుండును. అయినను ఆయనకు శాంతి లేదు. ఏలయన నావికుల క్రమము పదుగురి ప్రాణరక్షణకై పుట్టినది. ఆయన క్రమము భయమునుండి పుట్టినది. పైకి రెండును ఒక్కటిగనే తోచినను, మొదటిది మనుష్యుని నిలబెట్టును, రెండవది కట్టివేయును.

మఱి యాయన యెట్లు నిలద్రొక్కుకొనెను? ఆయనకు చికిత్స చేయు వైద్యుడు డాక్టరు బెల్. ఆ వైద్యుడు నౌకలో లేడు. కాని మాంక్ గారి కన్నులకు ఆయన యెదుట నిలచి ధైర్యము చెప్పుచున్నట్లు కానవచ్చును. ఎవ్వరికిని గానరాని వైద్యునితో ఆయన మాటలాడుచుండగా చూచువారికి నవ్వు వచ్చును. అయినను ఇందొక సత్యము గలదు. నిజమైన చికిత్సలో వైద్యుడు రోగిని తాను భయపడు వస్తువునకు మెల్లమెల్లగా సమీపింపజేసి, చేతులు కడుగుట మొదలగు అలవాట్లకు లోబడకుండ ఓర్చుకొనుట నేర్పును. ఓర్చినకొలది భయము తగ్గును. తుదకు వైద్యుని మాట రోగి మనస్సులో నిలచి, వైద్యుడు లేని చోటను పనిచేయవలెను. మంచి గురువు చెప్పిన మాటయు నట్టిదే గదా!

ఇచ్చట నొక శంక పుట్టును. రోగిని జూచి నవ్వుట న్యాయమా? కుంటివాని నడకను అనుకరించి నవ్వించుట హాస్యము గాదు, క్రౌర్యము. ఈ కథలో రచయితలు మాంక్ గారిని అల్పునిగా జేయలేదు. వడకుచునే ఆయన నౌకయంతయు దిరుగును, వడకుచునే ప్రశ్నించును. ఇతరులు గమనింపని దానిని గమనించును. మనము మొదట ఆయన భయమును జూచి నవ్వుదుము. పిదప ఆయన నిలకడను జూచి తలవంతుము. కాని యొక హెచ్చరిక. వ్యాధియే ఆయనకు సూక్ష్మదృష్టి నిచ్చినట్లు కథలో దోచును. అది కథకుల సౌకర్యము. నిజముగా ఈ వ్యాధి రోగి కాలమును, నిద్రను హరించును. మన తరగతిలో నట్టివాడుండినచో వాడు వింతమనుష్యుడు గాడు. వైద్యసహాయము పొందదగినవాడు, పొందినచో మేలు పొందగలవాడు.

జలాంతర్గామి యెంత యిఱుకైనదో స్వయముగా దెలిసికొనగోరువారు విశాఖపట్టణము వెళ్లవచ్చును. 1969లో నౌకాదళమున జేఱి 2001లో విరమించిన కుర్సురా అను జలాంతర్గామిని అచ్చటి సముద్రతీరమున ప్రదర్శనశాలగా నుంచినారు. లోపల నడుచునపుడు తల వంచి, భుజములు ముడుచుకొని, గుండ్రని ద్వారములనుండి ఒక్కొక్కరుగా దూరవలసియుండును. అది నేలపైననే యున్నది, వెలుపలికి వచ్చు దారి యెదుటనే యున్నది; అయినను కొందఱికి గుండె దడ హెచ్చును. అప్పుడు నీటి లోపల నెలల తరబడి బ్రతుకు నావికులను, వారి నడుమ వడకుచు నిలచిన ఆ కల్పిత పరిశోధకుని తలచుకొనుడు.

హంతకుడెవ్వడో నేను చెప్పను. చూడగోరువారి యానందమును హరించుట తగదు. భయము లేనివానిని ధీరుడందురు కొందఱు. భయము నెఱిగియు, దానిని వెంటబెట్టుకొనియు, తన పనిని ముగించినవాడే ధీరుడని ఈ చిన్న హాస్యకథ మనకు దెలుపుచున్నది.