శరత్కాలమున మెట్టరైతు కుటుంబము

పట్టణవాసులకు ఆశ్వయుజ కార్తికములు పండుగ నెలలు. మెట్టరైతునకు అవి పండుగ నెలలేగాక పంట నెలలును, బాకీలు దీర్చు నెలలును అయియున్నవి. పని, ప్రయాణము, విశ్రాంతి యను మూడును ఒక్కమాఱే వచ్చి యింటి వాకిట నిలుచును. వీనిలో దేనికెంత కాలము, దేనికెంత ధనము కేటాయింపవలెనో కుటుంబమంతయు గూర్చుండి ముందుగా నిర్ణయించుకొనవలసిన ఋతువిది. తనకల్లు ప్రాంతపు సేద్యమును దృష్టియందుంచుకొని ఈ విషయమును విచారింతము.

తనకల్లు కదిరికి దక్షిణముగా మదనపల్లె మార్గముననున్నది. చిరకాలము అనంతపురము జిల్లాలోనుండి, 2022వ సంవత్సరమున శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ ఉమ్మడి జిల్లాకు సాలీనా సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందును పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పడును. జూన్, జూలై నెలలలో విత్తిన వేరుశనగ సుమారు 110 దినములకు పక్వమగును. అనగా పైరు పెరుకుటయు, ఈశాన్యపు వానలును ఒకే సమయమున సంభవించుచున్నవి. మన కష్టమునకు మూలమిదియే.

ఇచ్చట ఎక్కువగా సాగుచేయు గుత్తిరకములకు, కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానమున వెలసిన కదిరి 6 వంటి వానికి, విత్తనపు నిద్రావస్థ లేదు. పక్వమైన కాయ తడినేలలో నిలిచినచో అచ్చటనే మొలకెత్తును. వాన కొఱకు వేచియుండి నేల గట్టిపడినచో ఊడలు తెగి కాయ భూమిలోనే నిలిచిపోవును. కావున పండుగ తిథిని జూచికాక, కాయను జూచి పని ప్రారంభింపవలెను. అడుగు ఆకులు పసుపువారి రాలుచుండగా కొన్ని చెట్లను పెఱికి కాయలను పగులగొట్టి చూడుడు. పదింట ఏడెనిమిది కాయల డొల్ల లోపలివైపు నలుపు దిరిగియున్నచో జాగు సేయరాదు. కూలీలు దొరకని యీ దినములలో, ఒకరి పొలమునకొకరు మార్పుగా బోయి పనిచేయు పాతవాడుకను విడువక నిలుపుకొన్న గ్రామములు ధన్యములు.

పెఱికిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరుగవేసి ఎండనీయవలెను. మబ్బు పట్టినప్పుడు కుప్పవేసి కప్పుటయు, వెలిసినప్పుడు మరల విప్పుటయు విసుగుపుట్టించు పనియే. అయినను తడికాయను మూటగట్టినచో బూజుపట్టి, అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అట్టి కాయ మనుష్యులకును పశువులకును హానికరము. అంగడిలో వెలయును దిగిపోవును. చేతబట్టి ఊపినప్పుడు గింజ గలగల మ్రోగువఱకు ఎండిన కాయనే సంచికెత్తుడు. తడిసి కుళ్లిన కట్టె పశువులకు పనికిరాదు గనుక వామి వేయుటయందును అంతటి శ్రద్ధ వలయును.

ఇంతటితో పని ముగియదు. కంది ఇంకను చేనిలో నిలిచియుండును. వానలు వెనుకబడి వేరుశనగ వేయని చేలలో ఉలవ విత్తుకొందురు. గొట్టపుబావి గలవారికి టమాట తోట యుండును. దాని పంటను ములకలచెరువు, మదనపల్లె మార్కెట్లకు చేర్పవలెను.

ఇక ముఖ్యవిషయము. కాయ ఇల్లుచేరిన వారములోనే వర్తకుడు వాకిట నిలుచును. దీపావళి ఖర్చు ఎదుటనే యుండును. అప్పుడు పంటనంతటిని అమ్మివేసినవాడు జ్యేష్ఠమాసమున విత్తనము కొఱకు వరుసలో నిలువవలసివచ్చును. ఎకరమునకు సుమారు 60 కిలోల గింజ వలయును. నూఱు కిలోల కాయకు సుమారు 70 కిలోల గింజ దిగును. కావున ఐదెకరముల రైతునకు 300 కిలోల గింజకై 430 కిలోల కాయ కావలెను. తాలు, పుచ్చు, నొక్కులు పోవుననుకొని 5 క్వింటాళ్లు నిలుపుకొనుట క్షేమము. దానిని గింజగా గాక కాయగానే, గోడకు దూరముగా బల్లలపై, పొడి గోనెసంచులలో నుంచి, విత్తుటకు కొలది దినములు ముందుగా మాత్రమే ఒలువవలెను. మిగిలినదానిలో సంఘపు బాకీ మొదటిది. పంటఋణమును గడువులోపల చెల్లించినవారికి వడ్డీలో తగ్గింపు కలదు. గడువు దాటిన దినముననే ఆ లాభము పోవును.

ప్రయాణముల సంగతి. కదిరికి కాయ తోలుకొనిపోయినవాడు పరిశోధనా స్థానమునకును బోయి, రాబోవు కారునకు తగిన రకమేదియో తెలిసికొనివచ్చుట మేలు. పంట చాలని యిండ్లవారు పనికై బెంగుళూరు మున్నగు పట్టణములకు పోవుదురు. అది నిందింపదగినది గాదు. అయితే పోకకు ముందే విత్తనపుకాయను భద్రపఱచి, పశువుల మేతకును, పిల్లల చదువునకును ఏర్పాటు చేసిపోవలెను. ఇల్లాలిని, వృద్ధులను ఉత్త యింట విడిచిపోవుట కుటుంబధర్మము గాదు.

విశ్రాంతియు వ్యర్థముగాదు, అలసిన ఎద్దును విడువకున్న మఱునాడు అరక సాగదు గదా! దసరానాడు పనిముట్లను కడిగి పూజించునప్పుడే విఱిగినవానిని వేఱుపఱచి బాగుచేయించుడు. కార్తికమున ఒకనాడు ఇంటిల్లిపాదియు గూటిబయలునకు బోయి, సుమారు 5 ఎకరముల మేర వ్యాపించి 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కిన తిమ్మమ్మ మఱ్ఱిమానును చూచి రావచ్చును. వేమన యోగి సమాధి గల కటారుపల్లెయు కదిరికి చేరువనే యున్నది. ఖర్చు స్వల్పము, సంతోషము అధికము.

అయితే ఈ విశ్రాంతి యెవరికి దక్కుచున్నది? పంట అమ్మినదినమున పురుషునకు తీరిక కలుగును. స్త్రీకి కాయ ఏరుట, ఎండబోయుట, పాడి, వంట యథాప్రకారముగనే జరుగుచుండును. పండుగనాడు పని రెట్టింపగును. పంటలో సగము కష్టము ఆమెదైనప్పుడు పంట లెక్కలోను, తీరికలోను ఆమెకు భాగముండవలదా? ఎంత అమ్మవలెను, ఎంత నిలుపవలెను అను మాట ఆమె నడుగక నిర్ణయించిన యిండ్లలోనే తఱచుగా విత్తనపుమూట తెగి పండుగ ఖర్చు క్రింద పోవుచున్నది.

సోదర రైతులారా! తొలిబండి కల్లము కదలకమునుపే ఒక సాయంకాలము ఇంటివారందఱును గూర్చుండుడు. విత్తనము, బాకీ, తిండి, మేత, చదువు, పండుగ, ప్రయాణము అని వరుసగా కాగితముపై వ్రాసికొనుడు. చదువు నేర్చిన బిడ్డచేతనే వ్రాయించుడు. ఆకాశము మన చేతిలో లేదు. ఇంటికి చేరిన గింజ మాత్రము మన చేతిలోనే యున్నది. దానిని లెక్కతో వాడుకొన్న కుటుంబమునకు వచ్చు ఆషాఢమున తొలివాన పడినదినముననే విత్తు భాగ్యము కలుగును.