ఒక ఇరుసు, రెండు చక్రములు

శృంగవరపుకోట దాటి అనంతగిరి కనుమ నెక్కు కారునకు వెనుక చక్రములు రెండును ఒకే దూరము నడువవు. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువయు, లోపలిది తక్కువయు నడువవలయును. మలుపు పెద్దదైనకొలది ఈ తేడాయు పెరుగునని మొదట తోచును గాని, లెక్క వేసిన నది నిజము కాదు. అర్ధవలయమున రెండు చక్రముల దారులకు గల తేడా, వాని నడిమి ఎడమును పై చేత గుణించినంత. మలుపు వ్యాసార్ధమునకు దానితో పని లేదు. అంబాసిడరు కారు వెనుక చక్రముల నడుమ ఎడము సుమారు 4.4 అడుగులు. కావున కొండదారిలో పూర్తిగా వెనుదిరిగిన మలుపు ఒక్కొక్కదానికి వెలుపలి చక్రము సుమారు 14 అడుగులు అదనముగా నడచును. తరగతిలో నల్లబల్లపై రెండు పంక్తులలో తేల్చదగిన లెక్క యిది.

ఆ కొండలలోనే కిరందుల్ నుండి విశాఖ రేవునకు ఇనుప ఖనిజమును దెచ్చు రైలుదారి కలదు. రైలు చక్రములు రెండును ఇరుసునకు కదలకుండ బిగించినవే. అయినను వాని అంచులు కొంచెము ఏటవాలుగా నుండుటచేత, మలుపులో ఇరుసు ప్రక్కకు జరిగి, వెలుపలి చక్రము తన పెద్ద చుట్టుకొలతపై దొరలును. కారు కట్టి సౌకర్యము లేదు. ఫ్రాన్సు దేశీయుడైన ఒనెసిఫోర్ పెకర్ ఆవిరిబండికై 1828లో హక్కుపత్రము పొందిన డిఫరెన్షియలు దాని కొరత తీర్చినది.

ఇరుసు నడుమ నున్న ఉబ్బెత్తు హౌసింగులో క్రౌను చక్రము, దానికి బిగించిన గూడు, గూటిలో చిన్న స్టారు పినియనులు ఉండును. దారి తిన్నగా నున్నంతసేపు ఈ పినియనులు తమ చుట్టు తాము తిరుగక గూటితోబాటు పోవుచుండును. మలుపు రాగానే తామును తిరిగి, ఒక చక్రమున తగ్గిన వేగమును రెండవదానికి చేర్చును. వేగమును ఎట్లు పంచినను, త్రిప్పుబలమును మాత్రము రెండువైపులకు సమానముగనే పంచును. చిక్కంతయు ఈ సమత్వముననే కలదు! భీమిలి ఒడ్డున ఒక చక్రము ఇసుకలో దిగినదనుకొనుడు. ఇసుక పట్టు 100 పాళ్ల బలమునకు మించి ఓపనిచో, గట్టినేలపై నున్న రెండవ చక్రమునకును 100 పాళ్లే దక్కును. ఇసుకలోనిది గిరగిర తిరుగును, గట్టినేలపైనిది ఊరకుండును, బండి కదలదు.

1930లలో ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కార్లకు ఇదే బాధ కలిగినది. జర్మనీలోని జడ్.ఎఫ్. సంస్థ వానికై జారుడును అదుపుచేయు డిఫరెన్షియలును సమకూర్చినది. 1956 నాటికి అమెరికాలో పాకార్డు వంటి కార్లలో నట్టిదే అమ్మకమునకు వచ్చినది. ఒక రకములో క్లచ్చి పలకల ఒరపిడి, మరియొక రకములో మెలిపండ్ల చక్రముల ఒరపిడి చక్రములు మరీ వేర్వేరుగా తిరుగుటను అడ్డగించును. జారు చక్రమునకు 100 పాళ్లు దక్కినపుడు రెండవదానికి 250 పాళ్లు చేర్చు అమరిక యైనచో, మొత్తము 200కు బదులు 350 అగును. అయితే చక్రము గాలిలో తేలినచో సున్నను దేనిచే గుణించినను సున్నయే గదా! అందుచేతనే పలకల రకములో స్ప్రింగులతో ముందుగనే కొంత బిగువు నుంచుదురు.

మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నుండి పుట్టి 2014 వరకు తయారైన అంబాసిడరునకు ఈ మార్పు చేయదలచువారు, గాజువాక ఆటోనగరునకు పోవుటకు ముందే కొన్ని సంగతులు తెలియవలయును. ఇరుసు కమ్ముల గాడులు, బేరింగుల కొలతలు, క్రౌను బోల్టుల వరుస క్రొత్త గూటితో సరిపోవలయును. ఏండ్లను బట్టి భాగములు మారినవి గనుక బండిలోనిదానినే విప్పి కొలుచుట క్షేమము. గూడు మార్చిన పిదప క్రౌను, పినియనుల పండ్ల నడుమ సందును మరల కుదుర్చవలయును. పండ్లకు రంగు పూసి త్రిప్పిన, ఒరపిడి గురుతు పంటి నడుమ పడవలయును. అంచున పడినచో కొలదిదినములలో హౌసింగు ఏడ్చుట మొదలిడును. ఈ పనికి తొందర పనికిరాదు. పలకల రకమునకు దానికై చేసిన గేరాయిలు పోయనిచో మెల్లని మలుపులలో పలకలు గరగరలాడును.

ఇంత వ్యయమునకు ఫలమెంత? బురదలో, ఇసుకలో ఫలము నిశ్చయము. వానలో సింహాచలము కొండదారి మాట వేరు. పాత డిఫరెన్షియలులో ఒక చక్రము జారినను రెండవది తిరుగుటకు బలము లేక ఊరకుండి, బండి వెనుకభాగమును ప్రక్కకు పోనీయదు. క్రొత్తదానిలో మితిమీరి ఆక్సిలేటరు త్రొక్కినచో రెండును ఒకేసారి జారి, బండి తోక లోయవైపు తిరుగవచ్చును. అరిగిన టైర్లు, బలహీనపు బ్రేకులు ఉండగా ముందుగా ఇరుసుపై ధనము పోయుట తెలివి కాదు. వెనుకటి డ్రైవర్లు బండి దిగబడినపుడు చేతిబ్రేకును కొంచెము లాగి, మెల్లగా ముందునకు నడిపెడివారు. జారు చక్రమునకు అడ్డు కలుగుటచే రెండవదానికిని అంత బలము హెచ్చుగా అందును. కానిఖర్చుతో జరుగు ఉపాయమిది. నేటి కార్లలో కంప్యూటరు చేయు పనియు ఇంచుమించు ఇదియే.

మార్పు చేయించినవారు మరువరానిది ఇంకొకటి కలదు. పాత అమరికలో ఒక వెనుక చక్రమును జాకీపై లేపి, గేరు వేసి త్రిప్పినను బండి నిలిచియే యుండెడిది. ఇప్పుడు నేలపైనున్న చక్రమునకును బలము చేరి, బండి జాకీ మీదినుండి దూకి ముందునకు పోవును. దాని క్రింద మనిషి యుండవచ్చును. అందుచే బండి వెనుక పెట్టెలో జాకీ ప్రక్కనే ఒక చీటీ అంటించుట మంచిది: ‘రెండు చక్రములను లేపనిదే యంత్రము నడుపరాదు.’