వేట తుపాకీకి సైలెన్సర్ దండగేనా?

వేట రైఫిల్ గొట్టం కొసన బిగించే సైలెన్సర్ శబ్దాన్ని పూర్తిగా మింగేయదు. సినిమాల్లో వినిపించే ఆ మెత్తటి ‘టుప్’ చప్పుడు కల్పన. రైఫిల్ పేలుడు దాదాపు 160 డెసిబెళ్లు. 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినవచ్చు. మంచి సైలెన్సర్ ఇరవై, ముప్ఫై డెసిబెళ్లు తగ్గిస్తుంది.

కోసి చూస్తే అదొక లోహపు డబ్బా. లోపల వరసగా అడ్డుబిళ్లలు, నడిమధ్యన తూటా దూరేంత రంధ్రం. తూటా వెనకే ఎగదన్నుకొచ్చే వేడి వాయువు ఆ అరల్లో సుడులు తిరిగి, చల్లబడి, నిదానంగా బయటికొస్తుంది. మోటారు సైకిల్ పొగగొట్టంలో జరిగేదీ దాదాపు ఇదే. మెషిన్ గన్ సృష్టికర్త కొడుకు హైరమ్ పెర్సీ మాగ్జిమ్ 1909లో దీనికి అమెరికాలో పేటెంట్ పొందాడు. అయితే సెకనుకు 800 మీటర్ల వేగంతో ధ్వనిని మించి పోయే తూటా వెంట పుట్టే ఫెళఫెళను ఏ సైలెన్సరూ ఆపలేదు.

అయినా ఇది దండగ ఖర్చు కాదు. స్కాట్లండ్ కొండల్లో జింకల వేటగాడి పక్కన నక్కి ఉండే కుక్క చెవులకు సాధారణంగా వేరే రక్షణ ఉండదు. తుపాకీ భుజాన్ని తన్నడమూ తగ్గుతుంది. దాంతో గురి కుదురుతుంది, జంతువు గాయాలతో పారిపోయి నరకయాతన పడే ముప్పు తగ్గుతుంది. అన్నిటికన్నా విలువైన లాభం ఇదే.

అమెరికా 1934లో సైలెన్సర్లపై 200 డాలర్ల పన్ను వేసింది. ఫిన్లండ్, నార్వేల్లో మాత్రం వాడకం మామూలే. బరువు, పొడవు పెరగడం ఇబ్బందే. బిగించాక గురి మళ్లీ సరిచూసుకోవాలి. వేట ముగియగానే విప్పి ఆరబెట్టకపోతే లోపలి తేమకు గొట్టం మూతి తుప్పు పడుతుంది.