వార్తల్లో పదం: పెడోమీటర్

నడిచేటప్పుడు శరీరంలో కలిగే కదలికను పసిగట్టి అడుగులు లెక్కించే పరికరమే పెడోమీటర్. నడుముకు పెట్టుకునేదైనా, స్మార్ట్‌వాచీలోనో సెల్‌ఫోన్‌లోనో ఉండేదైనా పని ఒకటే. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు (సీఓపీడీ) ఉన్నవారిని నడిపించడానికీ దీన్ని వాడుతున్నారు.

ఈ రోగుల్లో చాలామంది ఆయాసానికి భయపడి నడక తగ్గిస్తారు. దాంతో కాళ్ల కండరాలు బలహీనపడి, కాస్త శ్రమకే ఆయాసం మరింత ఎక్కువవుతుంది. ఈ విషవలయాన్ని తెంచడానికి ముందు కొన్ని రోజుల మామూలు నడకను లెక్కగడతారు. ఆ సగటు మీద లక్ష్యాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ పరికరం పేరుతో ప్రచారమైన 10,000 అడుగుల లెక్క వీరికి అక్కర్లేదు. 2016లో ‘ప్లాస్ వన్’ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, రోజుకు 600 నుంచి 1,100 అడుగులు పెరిగినా చెప్పుకోదగ్గ మెరుగుదలే.

పరిమితులూ లేకపోలేదు. మరీ నెమ్మదిగా నడిస్తే కొన్ని పరికరాలు అడుగులను వదిలేస్తాయి. మొదట్లో ఉన్న ఉత్సాహం నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లవచ్చు. పైగా ఇది మందులకూ, ఊపిరితిత్తుల పునరావాస వ్యాయామాలకూ తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. నడుస్తుండగా ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి వైద్యుణ్ని సంప్రదించాలి.