కీళ్లనొప్పులకు పైపూత జెల్‌లు: తయారీ, పరీక్ష, పొలం పనివారి వాడుక

పరిచయం

హైదరాబాదుకు ఉత్తరాన, కొంపల్లి దాటిన తరువాత వచ్చే దూలపల్లిలో రెండు వేర్వేరు శాస్త్రాలు ఇరుగుపొరుగుగా ఉన్నవి. ఒకటి భారత అటవీ పరిశోధన, విద్యా మండలికి చెందిన అటవీ జీవవైవిధ్య సంస్థ. రెండవది ఆ పరిసరాలలోని మైసమ్మగూడ ఫార్మసీ కళాశాలలలో జరిగే ఔషధ రూపకల్పన విద్య. మొదటిది చెట్టును, బంకను, విత్తనాన్ని పరిశీలిస్తుంది. రెండవది ఔషధాన్ని ఏ రూపంలో శరీరానికి అందించాలో పరిశీలిస్తుంది. కీళ్లనొప్పులకు చర్మంపై పూసే జెల్ ఈ రెండు శాస్త్రాలూ కలిసే అంశం. వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తకు కూడా ఇది పరాయి విషయం కాదు. వంగి నాట్లు వేసే స్త్రీల మోకాళ్లు, పత్తి ఏరేవారి వేళ్ల కీళ్లు, బస్తాలు మోసేవారి భుజాలు నొప్పి మందులకు నిత్యావసరాన్ని కల్పిస్తున్నవి.

నొప్పి తగ్గించే మాత్రలు వైద్యుని చీటీ లేకుండానే గ్రామాలలో వాడబడుతున్నవి. డైక్లోఫెనాక్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొని వాపును, నొప్పిని తగ్గిస్తాయి. అయితే అవే ప్రోస్టాగ్లాండిన్లు జీర్ణకోశపు లోపలి పొరను కాపాడుతాయి. శరీరంలో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు రక్తప్రసరణను నిలుపుతాయి. కనుక ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషి రోజూ మాత్ర మింగడం కడుపుకు, మూత్రపిండాలకు రెండింటికీ ముప్పు. మందును నొప్పి ఉన్న చోటనే అందించి రక్తంలో దాని మోతాదును తగ్గించాలన్న ఆలోచన నుండి పైపూత జెల్‌లు పుట్టినవి.

చర్మం దాటడం ఎట్లు?

చర్మపు పైపొర అయిన మృతకణ స్తరం మందం సుమారు 10 నుండి 20 మైక్రోమీటర్లు మాత్రమే. మందును ప్రధానంగా అడ్డుకునేది ఇదే. చదునైన కణాలు ఇటుకలవలె, వాటి నడుమ కొవ్వు పదార్థం సున్నంవలె అమరి ఉంటాయి. 500 డాల్టన్ల కంటె అణుభారం ఎక్కువైన పదార్థాలు ఈ గోడను దాటడం కష్టమని 2000లో బోస్, మెయినార్డి అనే శాస్త్రవేత్తలు సూత్రీకరించారు. డైక్లోఫెనాక్ అణుభారం సుమారు 296. మిర్చిలోని కాప్సైసిన్‌ది 305. ఇవి దాటగలవు. అందుగు చెట్టు బంకలోని ప్రధాన బోస్వెలిక్ ఆమ్లాలలో ఒకదాని అణుభారం సుమారు 513. అంటే అది హద్దుమీద నిలిచిన పదార్థం. దానిని జెల్‌లో కలిపినంత మాత్రాన కీలు చేరుతుందని అనుకోరాదు.

జెల్ నిర్మాణం

సాధారణ పద్ధతిలో కార్బోపాల్ అనే పాలిమర్‌ను నూటికి 0.5 నుండి 2 పాళ్ల వరకు నీటిలో చల్లి, రాత్రంతా నాననిస్తారు. మందును ప్రొపైలీన్ గ్లైకాల్ లేదా ఆల్కహాల్‌లో కరిగించి అందులో కలుపుతారు. తరువాత ట్రైఇథనాలమైన్‌ను చుక్కలుగా చేర్చగా ఆమ్లత తగ్గి, పాలిమర్ గొలుసులు విచ్చుకొని, పలుచని ద్రవం పారదర్శకమైన జెల్‌గా చిక్కబడుతుంది. బూజు పట్టకుండా పారాబెన్ల వంటి నిలవకారకాలు చేరుస్తారు. నీటిలో కరగని మందులను ముందుగా నూనెలో కరిగించి, తెల్లని ఎమల్షన్‌గా చేసి జెల్‌లో కలిపితే అది ఎమల్జెల్ అవుతుంది.

ఇందులో ప్రొపైలీన్ గ్లైకాల్, ఆల్కహాల్, మెంథాల్ కేవలం ద్రావకాలో సువాసనలో కావు. ఇవి మృతకణ స్తరంలోని కొవ్వు అమరికను తాత్కాలికంగా సడలించి మందుకు దారి ఇస్తాయి. ఈ గుణం జెల్‌కు బలం. పొలంలో వాడినపుడు దీనివలననే ఒక చిక్కు కూడా ఏర్పడుతుంది. దానిని ముందు వివరిస్తాము.

ప్రయోగశాల పరీక్షలు

తయారైన జెల్‌కు ఆమ్లత, చిక్కదనం, పరుచుకునే గుణం, మందు శాతం పరీక్షిస్తారు. అన్నిటికంటె ముఖ్యమైనది ఫ్రాంజ్ విసరణ పాత్రతో చేసే పరీక్ష. పై అరలో జెల్, కింది అరలో 7.4 పీహెచ్ గల ఫాస్ఫేట్ ద్రావణం, నడుమ ఒక పొర ఉంటాయి. ఆ పొరగా సెల్లోఫేన్‌ను గాని, మానవ చర్మానికి దగ్గరగా ఉండే పంది చెవి చర్మాన్ని గాని వాడుతారు. చర్మపు ఉపరితలం 32 డిగ్రీల వద్ద ఉండునట్లు వేడినీటి ప్రసరణను సర్దుబాటు చేసి, నిర్ణీత వేళలలో ద్రావణపు నమూనాలు తీసి, దాటిన మందును కొలుస్తారు. నిలవ పరీక్షలో జెల్‌ను 40 డిగ్రీల ఉష్ణం, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి మార్పులను గమనిస్తారు.

విద్యార్థులు గుర్తించవలసిన విషయమేమనగా, ఈ పరీక్షలోని చర్మం నిశ్చలమైనది, శుభ్రమైనది, చెమట లేనిది. నాటు మడిలో నిలిచిన మోకాలు అట్టిది కాదు. మే నెలలో తెలంగాణలో రేకుల కప్పు కింద ఉంచిన జెల్ గొట్టం 40 డిగ్రీలకు మించిన వేడిని చూస్తుంది.

పంటలతో సంబంధం

మన దుకాణాలలో దొరికే పలు నొప్పి జెల్‌లలో డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె, మిథైల్ సాలిసిలేట్, మెంథాల్ కలిసి ఉంటాయి. మెంథాల్ జపనీస్ పుదీనా నుండి లభిస్తుంది. ఈ జాతి సుగంధ మొక్కలపై పరిశోధన చేసే సీమాప్ సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో ఒక కేంద్రం ఉన్నది.

కాప్సైసిన్‌కు మూలం మిర్చి. ఘాటు ఎక్కువగా ఉండే తేజ రకం ఓలియోరెజిన్ తయారీకి అనుకూలం; ఖమ్మం మార్కెట్ ఈ రకానికి ప్రసిద్ధి. నొప్పి నాడులపై ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి కాప్సైసిన్ తగులుకొని మొదట మంట పుట్టిస్తుంది. కొన్ని వారాలు క్రమం తప్పక పూసిన పిదప ఆ నాడి కొసలు స్పందనను తగ్గిస్తాయి. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. 0.025, 0.075 శాతాల పైపూతలు వాడుకలో ఉన్నవి. మంట వలన చాలామంది తొలి వారంలోనే మానివేస్తారు గనుక, ఆ మంట సహజమని ముందుగా చెప్పడం అవసరం.

జెల్‌కు చిక్కదనమిచ్చే పదార్థాలుగా గోరుచిక్కుడు గింజల బంక, తపసి బంక పరిశీలనలో ఉన్నవి. తపసి, అందుగు రెండూ మన ఎండు అడవుల చెట్లే. లోతైన గాట్లతో బంక తీస్తే చెట్టు చనిపోతుంది. ఔషధ గిరాకీ పెరిగినపుడు సేకరణ పద్ధతి మారకుంటే ఆ ముడిసరుకే మిగలదు. ఇక్కడ అటవీ పరిశోధకుల పాత్ర కీలకమైనది.

ఫలితం ఎంత?

డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌ను ఒక మోకాలికి పూర్తి మోతాదులో పూసినపుడు రక్తంలో చేరే మందు, మాత్ర మింగినపుడు చేరేదానిలో సుమారు 6 శాతం మాత్రమే. 2016 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం కీళ్ల అరుగుదలలో 6 నుండి 12 వారాలు డైక్లోఫెనాక్ పూసినవారిలో సుమారు 60 శాతం మందికి నొప్పి గణనీయంగా తగ్గగా, మందు లేని పూత వాడినవారిలో కూడా సుమారు 50 శాతం మందికి తగ్గింది. అనగా ప్రయోజనం వాస్తవమే గాని, పరిమితమైనది. చర్మానికి దగ్గరగా ఉండే మోకాలు, చేతి కీళ్లకు ఇది పనికివస్తుంది. లోతుగా ఉండే తుంటి కీలుకు పనికిరాదు. రుమటాయిడ్ కీళ్లవాతంలో జెల్ నొప్పిని కొంత తగ్గించినా కీలు చెడిపోవడాన్ని ఆపలేదు. ఉదయం గంటకు పైగా కీళ్లు బిగుసుకొని, రెండు చేతుల వేళ్లూ వాచినవారిని ఆలస్యం లేకుండా వైద్యునివద్దకు పంపాలి.

మోతాదు విషయంలో మరొక నిజమున్నది. అమెరికాలో ఈ 1 శాతం జెల్‌కు వైద్యులకిచ్చిన సూచన మోకాలికి ఒక్కొక్కసారి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. ఈ లెక్కన 30 గ్రాముల గొట్టం ఒక మోకాలికి రెండు రోజులైనా రాదు. రోజుకూలిపై బ్రతికే మనిషి దానిని నెలపాటు పొదుపుగా బఠాణీ గింజంత పూసి, మందు పనిచేయలేదని తిరిగి మాత్రలకు మళ్లుతాడు. తక్కువ పరిమాణంలో ఎక్కువ మందును చేరవేసే జెల్‌ల పరిశోధనకు మన పల్లెలలో గల అసలు అవసరం ఇదే.

పొలం పనివారికి సూచనలు

1. పని ముగిసి, స్నానం చేసి, చర్మం ఆరిన తరువాత పూయాలి. గంటసేపు కడగరాదు. బట్ట కప్పడానికి పది నిమిషాలు ఆగాలి. కాపడం పెట్టరాదు, బిగుతుగా కట్టు కట్టరాదు.

2. కీటోప్రోఫెన్ పూసిన చర్మం సూర్యకాంతికి బొబ్బలెక్కవచ్చు. వాడుతున్నన్నాళ్లు, మానిన తరువాత రెండు వారాలు ఆ భాగాన్ని ఎండ తగలకుండా కప్పి ఉంచాలి. ఎండలో పనిచేసేవారికి ఈ మందును వైద్యుడు ఆలోచించి వ్రాయవలసి ఉంటుంది.

3. పురుగుమందు పిచికారీకి ముందు జెల్ పూయరాదు. చర్మపు గోడను సడలించే పదార్థాలు నొప్పి మందుకు ఇచ్చిన దారినే విషానికీ ఇవ్వగలవు. పిచికారీ తరువాత సబ్బుతో కడగకుండా పూయడం కూడా అట్టిదే.

4. పుండ్లు, గాయాలపై పూయరాదు. పూసిన చేతులతో కళ్లు తాకరాదు. మాత్రలు, జెల్ కలిపి వాడుతున్నవారు, గర్భిణులు, మూత్రపిండ రోగులు వైద్యుని అడగాలి.

5. మనుషుల నొప్పి మందులను పశువులకు వాడరాదు. పూసిన భాగాన్ని పశువు నాకుతుంది. డైక్లోఫెనాక్ గల కళేబరాలను తిని రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నవని 2004లో నిర్ధారణ కాగా, పశువైద్యంలో ఆ మందును 2006లో మన దేశం నిషేధించింది. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లకు కూడా నిషేధం వర్తించింది. రాబందుల మనుగడ సమీప గ్రామాల పశుపోషకుల అలవాట్లపై ఆధారపడి ఉన్నది.

ముగింపు

జెల్ రూపకల్పన ఇప్పటివరకు ప్రయోగశాల చర్మాన్ని ప్రమాణంగా తీసుకొని సాగింది. చెమట, బురద, ఎండ, పురుగుమందుల అవశేషాలు గల పరిస్థితులలో ఈ జెల్‌లు ఎట్లు ప్రవర్తిస్తాయో పరీక్షించడం ఫార్మసీ విద్యార్థులకు, వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఉమ్మడి పరిశోధనాంశం కాగలదు. అంతవరకు విస్తరణ సిబ్బంది రైతు శిక్షణ తరగతులలో, ముఖ్యంగా పిచికారీ జాగ్రత్తలు బోధించే వేళ, పై అయిదు సూచనలను చేర్చి చెప్పడం మేలు.