ఇంజను కూర్చునే తీరు

పాత కారు చట్రముపై మరొక ఇంజను బిగించి, ఎవరికి వారు కట్టుకొన్న బండ్లను ఇంగ్లండులో ‘స్పెషల్’ అంటారు. ఇట్టి బండిని చూడగానే, ఇంజను శక్తి ఎంత అని అడుగుతాము. అది చట్రముపై ఎట్లు కూర్చున్నదో అడిగేవారు అరుదు. ఇంజను ఆయుర్దాయము చాలవరకు ఆ రెండవ ప్రశ్నలోనే ఉన్నదని మా అభిప్రాయము.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట విమానపు ఇంజనులు మిగిలిపోయి చౌకగా దొరికినవి. కౌంట్ జ్‌బొరోవ్‌స్కీ 1921లో 23 లీటర్ల మేబాక్ ఇంజనును మెర్సిడీస్ చట్రముపై ఎక్కించి బ్రూక్‌లాండ్స్ పందెములో గెలిచారు. 27 లీటర్ల లిబర్టీ ఇంజనుతో మరొక బండి కూడ కట్టించారు. 1924లో ఆయన మరణించగా ప్యారీ-థామస్ దానిని కొని, ‘బాబ్స్’ అని పేరు పెట్టి, 1926లో గంటకు సుమారు 275 కిలోమీటర్ల వేగము సాధించారు.

లిబర్టీ ఇంజను శక్తి సుమారు 400 అశ్వములు. కాని నిమిషమునకు తిరిగేది 1,700 చుట్లకు కాస్త అటూ ఇటూ. విమానములో దానిపై బరువు నిలకడగా పడుతుంది. కారులోనో, క్లచ్చి వదలినప్పుడెల్ల కుదుపే. అంతకన్న పెద్ద చిక్కు చట్రముది. ఒక చక్రము గుంటలో దిగగానే ఆ పొడవైన ఉక్కు దూలములు మెలిపడతాయి. నాలుగు మూలలా బిగించిన ఇంజను ఆ మెలిని తన ఒంటిమీదికి తెచ్చుకొంటుంది. అప్పుడు అల్యూమినియపు పెట్టె పాదముల వద్ద బీటలు వారుతుంది. బేరింగులు వరుస తప్పి కాలిపోతాయి.

ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలమీద కూడ కుదురుగా నిలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ఇంజనును మూడు చోట్ల మాత్రమే ఆనిస్తారు. అదురును మ్రింగుటకు రబ్బరు దిండ్లు వేస్తారు. (పాత వాల్వు రేడియోలలో ట్యూనింగు కండెన్సరును రబ్బరుపై నిలిపినది కూడ స్పీకరు అదురు దానికి సోకకుండుటకే.) దిండు మరీ మెత్తనైతే ఇంజనే ఊగి గొట్టములను తెంపుతుంది.

1927 మార్చి 3న వేల్సులోని పెండైన్ ఇసుకతీరమున బాబ్స్ బోల్తాపడి థామస్ మరణించారు. అక్కడే పూడ్చిన బండిని 1969లో త్రవ్వితీసి, ఏండ్ల తరబడి శ్రమించి బాగుచేశారు.

ఇట్టి పాత ఇంజనును తిరిగి ఎక్కించునప్పుడు మంచి పనివాడు బోల్టులు వెంటనే బిగించడు. ప్రతి పాదము క్రింద పలుచని రేకు దూర్చి చూస్తాడు. సందు ఉన్నచోట బోల్టుతో లాగి మూయక, సరిపడు ఇత్తడి రేకు పెట్టి, ఆ తరువాతనే బిగిస్తాడు.